తొడుగు ఇచ్చే స్పర్శ, అరికాలు మరచిన స్పర్శ



కంప్యూటరు తెరలో కనిపించే బంతిని పట్టుకుంటే చేతికి నిజం బంతిలాగే తెలుస్తుందట, నిజమేనా అని ఇంజనీరింగు చదివే మన సంఘం పిల్లలు అడుగుతుంటారు. నిజమే. వీటిని హాప్టిక్ పరికరాలంటారు. చేతికి తొడుగు వేసుకుంటే, మన వేళ్లు ఆ లేని బంతిని చేరగానే చిన్న మోటార్లు వేలికొసలను అదుముతాయి. కొన్నింటిలో తీగలు వేళ్లను ఇంక ముడవనియ్యకుండా ఆపుతాయి. కంటిని నమ్మించడానికి సెకనుకు 30 బొమ్మలు చాలు. గట్టి వస్తువు చేతికి గట్టిగా తెలియాలంటే మాత్రం సెకనుకు సుమారు 1000 సార్లు కబురు అందాలి. దేవుడు వేలికొసలో పెట్టిన పనితనం అంతటిది! మద్రాసు ఐఐటీలో కూడా దీనిమీద పరిశోధన జరుగుతోంది.

నర్సింగు విద్యార్థులకు ఇవి రావాలనే నేనంటాను. సూది చర్మం దాటి నరంలోకి దిగేటప్పుడు చేతికి ఒక చిన్న సడలింపు తెలుస్తుంది. దాన్ని పుస్తకంతో నేర్పలేం. యంత్రం మీద పదిసార్లు తప్పుచేసి నేర్చుకున్న పిల్ల మీ నాయనమ్మగారి చేతిని రెండోసారి పొడవదు. ఆ చెయ్యి చల్లబడిందా, భయంతో వణుకుతోందా అన్నది మంచం పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

మరి స్పర్శ పోయినవారికి ఇలాంటి తొడుగు వేస్తే సరిపోదా? ఆ ప్రయత్నం ఎప్పుడో జరిగింది. డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు 1946లో వెల్లూరు సి.ఎం.సి.లో చేరి, కుష్ఠు వ్యాధిగ్రస్తుల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. వేళ్లు అరిగిపోయేది జబ్బు తినివేయడం వల్ల కాదు, నొప్పి తెలియక పదేపదే గాయపరచుకోవడం వల్లనని లోకానికి చూపించారు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లాక ఒత్తిడిని కనిపెట్టే తొడుగులు చేయించారు. ఒత్తిడి హద్దు దాటితే చెవిలో శబ్దం వచ్చేది. రోగులు విని ఊరుకునేవారు. చిన్న కరెంటు షాకు పెట్టి చూశారు. అప్పుడేమో స్విచ్ ఆపేసి, పని కానిచ్చుకుని, మళ్లీ వేసుకునేవారు! పరికరాలు కూడా తరచు పాడయ్యేవి. చివరికి ఆ పని మానుకున్నారు. నొప్పికి స్విచ్ ఉంటే మనలో ఎవరం మాత్రం ఆపకుండా ఉంటాం?

ఇదంతా మనకెందుకంటే, షుగరు చాలాకాలం అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ పోతుంది. ఉంగుటూరు నుంచి కొల్లేరు దాకా చేపల చెరువుల్లో, గట్లమీద ఒట్టికాళ్లతో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. అలాంటి కాలికి చేపముల్లు గుచ్చుకున్నా, గుల్ల పెంకు కోసినా తెలియదు. చెప్పులో దూరిన రాయి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. పుండు వాసన వచ్చాక ఇంట్లోవాళ్లు చూస్తారు. అప్పటికి ఒక్కోసారి వేలు తీసేయవలసి వస్తుంది.

ఈ కాళ్లకు ఖరీదైన తొడుగు అక్కరలేదు, రోజూ చూసే కన్ను కావాలి. రాత్రి కాళ్లు కడుక్కున్నాక అరికాలి కింద అద్దం పెట్టి చూడండి. చూపు ఆననివారికి మనవలు చూడాలి. కాళ్లమీద వేడినీళ్లు పోసుకునే ముందు మోచేత్తో తాకండి. చెప్పులు దులిపి వేసుకోండి.

పరీక్షకు మా దగ్గర ఒక నైలాన్ పోగు ఉంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. కళ్లు మూసుకుని, అది పాదానికి తగిలినప్పుడు చెప్పాలి, అంతే. ఈసారి ఓపీకి వచ్చినప్పుడు చెప్పులు విప్పి రెండు పాదాలూ చూపించండి. "కాళ్లకేం లేదండి, షుగరు మాత్రల కోసం వచ్చాం" అంటే మా సిస్టర్లు ఒప్పుకోరు.