ఫ్లాష్‌కో మేలిముసుగు

వేషాల కోసం ఫొటోలు పంపే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ వారం కబుర్లు మీకోసమే. నేను చూసే ఫొటోల్లో సగానికి సగం ఒకటే జబ్బు. నుదుటి మీదా ముక్కు మీదా వెన్న రాసినట్టు తెల్లటి మెరుపు. వెనక గోడ మీద రెండో మనిషి నిలబడ్డట్టు నల్లటి నీడ! ముఖం చూసి వేషం ఇవ్వాల్సిన వాళ్ళకి ముఖమే సరిగ్గా కనబడకపోతే ఎలా చెప్పండి? లోపం మీ ముఖంలో లేదు, ఫ్లాష్‌లో ఉంది.

వెలుగు పుట్టేచోటు ఎంత చిన్నదైతే నీడ అంత కరుగ్గా పడుతుంది. ఫ్లాష్ అద్దమేమో అగ్గిపెట్టెంత. మిట్టమధ్యాహ్నం ఎండలో మీ నీడ చూడండి, మబ్బు పట్టాక మళ్ళీ చూడండి. ఆ మబ్బు చేసే పనే మనమూ చెయ్యాలి.

చాలామంది ఫ్లాష్‌కి జేబురుమాలు చుట్టేసి పని అయిపోయిందనుకుంటారు. దాంతో వెలుగు తగ్గుతుందేగానీ నీడ పెద్దగా మెత్తబడదు. వెలుగు పుట్టేచోటు పెద్దది కాలేదు కదా మరి! పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద బటర్ పేపరు తీసుకుని, తీగతో చట్రం కట్టి, ఫ్లాష్‌కి బెత్తెడు ముందు నిలబెట్టండి. లెన్సుకి అడ్డం రానివ్వకండి. కాగితమంతా వెలగాలి, అదీ కిటుకు. ఒకటో రెండో స్టాపులు వెలుగు పోతుంది గనక ఎపర్చరు తెరవండి. పన్నెండడుగుల దూరం నుంచి తీస్తే ఈ శ్రమంతా వృథా. నాలుగైదడుగుల దగ్గరికి రండి. మనిషిని గోడకి ఆనించకుండా నాలుగడుగులు ముందుకి జరపండి.

ఫ్లాష్ తల పైకి తిరిగేదైతే మీ అదృష్టం! తెల్లసున్నం వేసిన కప్పుకేసి కొట్టండి, కప్పంతా మీకు దీపమే. పసుపు గోడకేసి మాత్రం కొట్టకండి, ఎంత అందగత్తెకైనా కామెర్లు వచ్చినట్టుంటుంది. కళ్ళకింద నీడలు పడుతుంటే ఫ్లాష్ వెనక ఓ తెల్ల అట్టముక్క కట్టండి.

ఇదేదో పేదవాడి చిట్కా అనుకునేరు! సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)లో కాశీ ఇంటి ముంగిలి గుర్తుందా? అది కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా ఆ ముంగిలిపైన తెల్లబట్ట పరిపించి, దీపాల వెలుగు కిందనుంచి దానికేసి కొట్టించి, ఆకాశపు వెలుగుని దించేశాడు. షూటింగు చూసే యోగం పడితే హీరోయిన్ ముఖం కంటే ముందు ఆవిడ పక్కన పట్టుకున్న తెల్ల థర్మోకోల్ పలక చూడండి (చూడరని నాకు తెలుసులెండి!).

ఈ రాత్రే ఓ బొమ్మని కూర్చోబెట్టి కాగితం లేకుండా ఒకటి, పెట్టి ఒకటి తియ్యండి. సెల్‌ఫోను దీపమైనా సరే. రెండిట్లోనూ ముక్కు కింద నీడ అంచు చూడండి. వచ్చేవారం కిటికీ వెలుగు సంగతి.