అత్తమ్మ, చిక్కుడుకాయలు

పోయినేడు మా అత్తమ్మకు పక్షవాతం చిన్నగా వచ్చింది. నడక, మాట తొందరగానే కుదురుకున్నాయి. అందరూ "తగ్గిపోయింది కదా" అన్నారు. కుడిచెయ్యి సంగతి నాకే తెలుసు. అన్నం కలుపుకోలేదు, జాకెట్ హుక్కు పెట్టుకోలేదు. మంచి కోడలిని కదా, అన్నీ నేనే చేసిపెట్టాను.

హైదరాబాద్‌లో చూపించినప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్టు అమ్మాయి నన్నే కోప్పడింది. "మీరు చేసిపెడితే ఆ చెయ్యి ఎప్పుడు నేర్చుకుంటుందమ్మా?" అంది. ఫిజియోథెరపీతో కండరాలకు వచ్చిన బలాన్ని స్నానానికి, బట్టలకు, భోజనానికి వాడుకోవడం వీళ్లు నేర్పుతారు. మెదడు మళ్లీ నేర్చుకోవాలంటే ఆ పనినే పదే పదే చెయ్యాలట. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చెయ్యమంది. జాకెట్ ముందు బలం లేని చేతికి తొడగాలి, విప్పేటప్పుడు మంచి చేతి నుంచి విప్పాలి. ఇన్నాళ్లూ నేను తలకిందులుగా చేశాను!

ఇంటికొచ్చి అత్తమ్మ ముందు చిక్కుడుకాయలు పెట్టాను, ఈనెలు తీయమని. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "జబ్బు మనిషితో పని చేయిస్తున్నావా?" అన్నారు. గుచ్చుకుంది. చిక్కుళ్లు మాత్రం తియ్యలేదు.

2021లో కేంద్రం తెచ్చిన చట్టం ఈ వృత్తిని ఫిజియోథెరపీతో కలపకుండా విడిగానే గుర్తించింది. మరి హుజూర్‌నగర్‌లాంటి ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికొక్కరోజైనా ఒకరిని కూర్చోబెట్టాలి కదా! హుక్కు పెట్టుకోవడం నేర్చుకోవడానికి హైదరాబాద్ దాకా ఎందరు పోగలరు?

నిన్న అత్తమ్మ రెండు హుక్కులు పెట్టుకుంది. మూడోది నేను పెట్టబోతే నా చెయ్యి తోసేసింది.