మనోడు జడ్జి అయితే ఏమవుతుంది?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మసీదు ఎదురుగా చాయ్ తాగుతుంటే ఒక పిల్లోడు ఫోన్ ముందుకు పెట్టాడు. సురేంద్రన్ పటేల్ వీడియో, కొత్తదేం కాదు. కేరళ కాసర్‌గోడ్‌లో చిన్నప్పుడు బీడీలు చుట్టిన మనిషి వకీలయ్యాడు, అమెరికా పోయాడు, 2022 నవంబరులో టెక్సాస్ ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఓట్లడిగి 240వ డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జిగా గెలిచాడు. 2023 జనవరిలో ఆ కుర్చీలో కూర్చున్నాడు. బీడీల మాట వినగానే మా వాళ్ల ముఖాలు వెలిగాయి. మన ఇళ్లలో చుట్టినవాళ్లు తక్కువా?

"మనకూ ఇట్లా ఓట్లుంటే ఎంత బాగుండు భాయ్! మన వకీల్ సాబ్‌ను మనమే జడ్జిని చేసుకుందుము. మన ముకద్దమాలు మనోడే చూసుకునేవాడు" అన్నాడొక పెద్దాయన. ఆ వకీల్ సాబ్ పక్కనే ఉన్నాడు. మా దొర్నిపాడు వైపు కుర్రోడే, ఆళ్లగడ్డలో ప్రాక్టీసు. జూనియర్ సివిల్ జడ్జి ఇంతెహాన్‌కు చదువుతున్నాడు. ఆ మాటకు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముందు ఓట్ల సంగతి. టెక్సాస్‌లో జడ్జి కావాలంటే పార్టీ టికెట్ మీద నిలబడాలి, చందాలు వసూలు చేయాలి, ఇంటింటికీ తిరగాలి. రేపు చందా ఇచ్చినవాడి దావా వస్తే ఎట్లా అని అక్కడివాళ్లే అడుగుతుంటారు. అమెరికాలో అంతా ఓట్లే అనుకోవద్దు. మన విజయవాడలో పుట్టిన జయ బాడిగ గారిని 2024 మేలో శాక్రమెంటో కోర్టు జడ్జిగా వేసింది కాలిఫోర్నియా గవర్నరు. ప్రమాణం రోజు ఆమె తెలుగులో పలకరించిన వీడియో మీరంతా చూసే ఉంటారు.

సర్పంచు ఎలక్షన్ వస్తేనే మన ఊళ్లలో చాయ్ దుకాణాలు రెండవుతాయి. ఇక జడ్జికి కూడా ఓట్లు పెడితే, ఓడినవాడికి ఓటేసినవాడు ఏ ధైర్యంతో అదాలత్ మెట్లెక్కుతాడు? మనం ఊరికి ఎన్ని ఇళ్లున్నామో లెక్కేసుకోండి. ఓట్లతో జడ్జిని చేసే పద్ధతి వస్తే "మనోడు" గెలవడు, ఎక్కువ ఇళ్లున్నవాళ్ల మనోడు గెలుస్తాడు.

అసలు "మన ముకద్దమాలు మనోడు చూసుకుంటాడు" అనే మాటే నాకు గుచ్చుకుంది. సూరె నిసా 135వ ఆయత్ మనందరికీ తెలుసు. మీ మీదికి వచ్చినా, అమ్మానాన్నల మీదికి వచ్చినా ఇన్సాఫ్ పక్షానే గవాహీ ఇవ్వమని కదా దాని సారం! హజ్రత్ అలీ (రజి) కవచం గురించి ఒక యూదుడి మీద ఖాజీ షురైహ్ దగ్గరికి పోయిన రివాయత్ ఎన్ని బయానుల్లో వినలేదు? చెల్లే గవాహీ లేదని ఖాజీ ఖలీఫాకు వ్యతిరేకంగా ఫైసలా ఇచ్చాడు. బయాన్‌లో సుబ్‌హానల్లాహ్ అంటాం, బయటికొచ్చి చాయ్ దుకాణంలో మనోడి కుర్చీ అడుగుతాం.

కోర్టుకూ మనకూ సంబంధం తక్కువేం కాదు. వకీలు, దావా, ఫిర్యాదు, హాజరు, వాయిదా, జామీను, రాజీ, జప్తు, నకలు, దస్తావేజు, మున్సిఫ్ - తెలుగు కోర్టులో సగం మాటలు మన నాన్నమ్మలు మాట్లాడిన మాటలే. మాటలు బెంచి దాకా పోయాయి, మన పిల్లలు పోవడానికే వెనకాడుతున్నారు.

దానికి కారణం చెప్పాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు, సివిల్ జడ్జి ఇంతెహాన్‌కు కూర్చోవాలంటే మూడేళ్లు వకీలుగా ప్రాక్టీసు ఉండాలని మళ్లీ ఖాయం చేసింది. ఫైసలా మంచిదే. కోర్టు గుమ్మం తొక్కని పిల్లవాడు కుర్చీలో కూర్చుంటే నష్టం మనకే. కానీ ఆ మూడేళ్లూ ఇల్లు గడిచేదెట్లా? జూనియర్ వకీలుకు సీనియర్ ఇచ్చేది బస్సు ఖర్చులకు సరిపోతే ఎక్కువ. మా కుర్రోడి నాన్న ఇప్పటికే "దుబాయి వీసా చూడనా?" అంటున్నాడట. ఆడపిల్లైతే మూడేళ్లలో మూడు సంబంధాలు వస్తాయి, నల్లకోటు పెట్టెలోకి పోతుంది. ఫాతిమా బీవీ గారు కేరళలో 1958లో మున్సిఫ్‌గా మొదలుపెట్టి 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా జడ్జి అయ్యారు. ఆమెను వకాలత్ చదవమని పంపింది వాళ్ల నాన్నే. మన జమాత్ షాదీఖానా రంగులకు చందా ఎత్తుతుంది. ఇద్దరు జూనియర్ వకీళ్లకు, అందులో ఒక ఆడపిల్లకు, మూడేళ్లు నెలనెలా వజీఫా ఇవ్వలేదా? ఇచ్చాక ఒక షర్తు: రేపు జడ్జి అయితే మా పని చేసిపెట్టమని ఎవరూ పోకూడదు.

ఇక మనం గట్టిగా అడగాల్సినది వేరే ఉంది. మా ఇంటి వెనక ఉండే ఖాలా కూతురు నఫ్ఖా కేసు మూడేళ్లుగా నడుస్తోంది. తలాకైన ముస్లిం స్త్రీ కూడా సెక్షన్ 125 కింద భరణం అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పింది. అది తెలంగాణ నుంచి పోయిన కేసే. హక్కు ఢిల్లీలో ఖాయమైంది గానీ, ఆ పిల్ల వాయిదా రోజు కూలి పోగొట్టుకుని, చంటివాణ్ణి చంకనేసుకుని రెండు బస్సులు మారుతోంది. పోయినాక "ఈరోజు లేదమ్మా, వచ్చే నెల" అంటారు.

ఇలాంటివాళ్ల కోసమే 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం చేశారు, 2009 అక్టోబరు 2 నుంచి అమలు. మండల స్థాయిలోనే అదాలత్, అందులో న్యాయాధికారి. ఆయన్ను హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుకు కావలసిన అర్హతే ఆయనకూ ఉండాలి. ఆయనే ఊళ్లకు వచ్చి విచారణ చేయాలి. భార్యాపిల్లల, తల్లిదండ్రుల నఫ్ఖా, గృహహింస, కనీస వేతనం, కాలువ నీళ్ల వంతు తగాదా, అన్నీ అక్కడే. సివిల్ దావాకు ఫీజు వంద రూపాయలు దాటకూడదు, ఆరు నెలల్లో తేల్చాలి. వ్యవహారం ఇంగ్లిష్‌లో కాదు, మన రాష్ట్ర భాషలో. న్యాయాధికారి తనకు సంబంధమున్న దావాను వినకూడదు, పై కోర్టుకు చెప్పాలి. మనోడు మనోడు అనేవాళ్లు ఈ నిబంధన రెండుసార్లు చదవాలి.

మరి ఎందుకు రాలేదు? చట్టంలో పెట్టవచ్చు అని ఉంది, పెట్టి తీరాలి అని లేదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో నోటిఫికేషన్లు ఇవ్వమని రాష్ట్రాలను గద్దించింది కూడా. దొర్నిపాడులో అలాంటి బోర్డు నా కళ్లకైతే పడలేదు. ఎమ్మెల్యే సాబ్ ఇఫ్తార్‌కు వస్తే శాలువా కప్పి ఫోటో దిగుతాం. ఈ ఒక్క మాట అడిగినవాళ్లెవరు?

కుర్ర వకీలుతో నేను చివరికి అదే అన్నాను. "బేటా, నువ్వు జడ్జి అయితే నిన్ను మా తాలూకాకు వేయకపోవడమే మంచిది. ఎక్కడో శ్రీకాకుళంలో కూర్చుని, నీ ముఖం కూడా ఎరగని ఒక ముసలమ్మకు ఆమె హక్కు ఇప్పించు. మా ఊరికి ఇంకెవరి బిడ్డో వస్తాడు, ఇన్షాఅల్లాహ్." పెద్దాయనకు నచ్చలేదు, చాయ్ సగం వదిలేసి లేచాడు. కుర్రోడు మాత్రం కాగితం తీసుకుని, గ్రామ న్యాయాలయం కోసం కలెక్టరు గారికి ఇవ్వాల్సిన దరఖాస్తు అక్కడే రాశాడు. వచ్చే జుమాకు మసీదు బయట సంతకాలు తీసుకుంటాం. పక్క గేరి హిందూ భాయిలను కూడా అడుగుతున్నాం, కాలువ నీళ్ల తగాదాలు వాళ్లకూ ఉన్నాయి కదా.