అడ్డాకు విస్తరీ, థర్మోకోల్ పళ్ళెమూ

"అరకు వెళ్ళొచ్చాం" అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే - "హోటలు బాగుందా?" కొండ బాగుందా అని అడిగినవాళ్ళు ఇంతవరకూ నాకు తారసపడలేదు.

మొన్న చలికాలంలో మా ఆడపడుచు కుటుంబం, మేమూ కలిసి పదకొండుమందిమి బయల్దేరాం. విశాఖపట్నంలో పొద్దున్నే రైలు. మూడింటికే లేచి పులిహోర కలిపిందెవరంటారా? మనం కాక ఇంకెవరు! కానీ ఇవాళ నా పోట్లాట మగవాళ్ళతో కాదు, మనతోనే.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో వేసిన దారి అది. యాభైకి పైగా సొరంగాలు. చీకటి పడ్డప్పుడల్లా పెట్టెంతా కేకలు, వెలుగు రాగానే కిటికీలోంచి చిప్సు కవర్లు!

అరకు సంతలో ఒకావిడ పసుపూ, అల్లం, అడ్డాకు విస్తళ్ళ కట్టలూ పెట్టుకుని కూర్చుంది. మా అత్తగారి వయసుంటుంది. అయినా మేం "ఏమే, ఎంతకిస్తావే?" అనే అడిగాం. ముప్ఫై అంది. అరగంట వాదించి ఇరవైకి దింపాం. ముందురోజు రాత్రి హోటలువాడు చెప్పిన డబ్బు నోరెత్తకుండా కట్టి, పైగా థాంక్స్ చెప్పిన ఆడవాళ్ళమే సుమండీ!

పది రూపాయలు గెలిచిన సంతోషంతో ఓ చెట్టు కింద వడ్డించుకున్నాం. దేంట్లో? విశాఖ నుంచి మోసుకెళ్ళిన థర్మోకోల్ పళ్ళేల్లో! విస్తళ్ళు మాత్రం వ్రతానికి పనికొస్తాయని సంచిలో భద్రంగా ఉన్నాయి.

"అమ్మా, ఇవెక్కడ పడెయ్యను?" అంది మా చిన్నది.

"అక్కడే పడెయ్యవే, అందరూ వేశారుగా!"

అన్నది నేనే. నవలల్లో ఆదర్శాలు రాసే నేనే. అది మట్టిలో కలిసే సరుకు కాదు. నా నవలలు మిగిలినా మిగలకపోయినా ఆ పళ్ళేలు మిగులుతాయి.

పక్కింటావిడ మన గుమ్మంలో చెత్త వేస్తే ఊరుకుంటామా? కొండకి గుమ్మం లేదనుకుంటున్నాం. ఉందండీ. అది షెడ్యూల్డు ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో చట్టాన్ని బిగించారు. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, ప్రభుత్వం సైతం ఆ భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సర్కారుకే అన్ని హద్దులున్న ఇల్లది. మనం వట్టి చుట్టాలం. చుట్టపుచూపుగా వెళ్ళినచోట ఎలా మసలుకోవాలో మనకొకరు నేర్పాలా?

"మనం వెళ్తేనే కదా పాపం, వాళ్ళకి నాలుగు రాళ్ళు!" అంటుంది మా ఆడపడుచు. నిజమే. ఆ నాలుగింట్లో రెండు బేరమాడి వెనక్కి తెచ్చుకునేది కూడా మనమేగా!

ఈసారి వెళితే ఆవిడ అడిగినంతా ఇద్దాం, ఆ విస్తట్లోనే తిందాం. మనం మోసుకెళ్ళిన చెత్త మనమే మోసుకొద్దాం. పులిహోర సంగతంటారా? అది మాత్రం మీవారిని కలపమనండి.