పైలట్ నిద్రతో బేరాలా?

2010 మే 22న మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడిన విమానం 158 మందిని బలిగొంది. కాక్‌పిట్ రికార్డరులో కెప్టెన్ గురక వినిపించిందని విచారణలో తేలింది. అలసట ఎంత చేటు చేస్తుందో అప్పుడే తెలిసింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు కుదిస్తూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు తెచ్చింది. అమలు వాయిదా పడి, ఢిల్లీ హైకోర్టు జోక్యం తర్వాతే 2025లో రెండు విడతలుగా కదిలింది. తీరా డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయితే, సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఆ సంస్థకే రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు దక్కింది. ఇది అన్యాయం. పడిగాపులు పడ్డ ప్రయాణికుల అవస్థకు పరిష్కారం కొత్త పైలట్ల నియామకమే గానీ, ఉన్నవారి నిద్రలో కోత కాదు. భద్రతా నిబంధనల్లో ఇచ్చే ప్రతి సడలింపునకూ కారణాలను ప్రజల ముందు పెట్టేలా పార్లమెంటు చట్టం చేయాలి.