వీసాశుల్కం

2025 సెప్టెంబరు 20, శనివారం పొద్దున. విస్సన్నపేటలో మా పిన్ని వాళ్ల వరండాలో పదిమంది మగవాళ్లు చావు కబురు విన్న మొహాలతో కూర్చున్నారు. ముందురోజు ట్రంప్ సంతకం పెట్టాడు. ఇకమీదట హెచ్1బి వీసా మీద కొత్తగా మనిషిని తెచ్చుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలట. అప్పటి మారకంలో సుమారు 88 లక్షల రూపాయలు. "కుర్రాళ్ల నోట్లో మట్టి కొట్టాడు" అన్నారొకరు. "మాఘంలో ముహూర్తం పెట్టుకున్నాం, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారింకొకరు. మా బాబాయి మాత్రం టీవీ గొంతు తగ్గించి మనసులో లెక్కలు కడుతున్నాడు. చిన్నమ్మాయికి చూసిన సంబంధం అమెరికాదే. రెండెకరాల మామిడి తోట అమ్మి ఇద్దామనుకున్న ఆ అల్లుడి ఖరీదు రాత్రికి రాత్రి పెరిగిందా, తగ్గిందా అన్నది ఆయన లెక్క. ఇప్పటికే వీసా చేతిలో ఉన్నవాళ్లకి ఆ రుసుము వర్తించదని మర్నాటికల్లా తేలిపోయింది. అంటే పెరిగిందన్నమాట!

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ వరండాలో గురజాడ గుర్తొచ్చాడు. 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడేనాటికి డబ్బు ఆడపిల్ల తండ్రికి ముట్టేది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటికి ప్రవాహం వెనక్కి తిరిగి పిల్లాడి తండ్రి వైపు పారింది. ఇప్పుడు అమెరికా ప్రభుత్వం మధ్యలో కూర్చుని తన వాటా అడుగుతోంది. ఈ నూటముప్పై ఏళ్లలో మనం చేసిన సంస్కరణంతా ఏ చేతిలోంచి ఏ చేతికి వెళ్లాలన్న దగ్గరే జరిగింది. అమ్మకం ఆగిందెక్కడ?

ఇది నా అక్కసు కాదు. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులో, సిడ్నీలో మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల మధ్య తిరిగి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అన్న పుస్తకం వేశాడు. కంప్యూటర్ మనుషుల్ని దేశాలకి సరఫరా చేసే ఆ వ్యాపారానికి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తోందని వెతికితే ఆయనకి దొరికిన జవాబుల్లో ఒకటి వరకట్నం. కట్నం డబ్బుతో కోర్సు ఫీజులు, ఏజెంట్ల ఖర్చులు, విమానం టిక్కెట్లు. ఐటీ విప్లవం అంటూ మనం చంకలు గుద్దుకున్న దాని కింద ఎన్ని పసుపు కుంకుమ పొలాలు ఉన్నాయో ఏ ముఖ్యమంత్రీ ప్రసంగంలో చెప్పలేదు. 1961లో నేరమైన కట్నం తీరికగా ప్రపంచ మార్కెట్లో వాటాదారు అయి కూర్చుంది.

వరండాలో ఆ రోజు గంటన్నర సేపు ప్రపంచ రాజకీయాలు నడిచాయి. ఆగస్టులో మన సరుకు మీద పడిన యాభై శాతం సుంకం, రొయ్య రైతు గతి, రష్యా చమురు, మోదీ, పుతిన్... అన్నీ వచ్చాయి. రాని మాట ఒక్కటే. ఆ కుర్రాళ్ల వెంట వెళ్లే ఆడపిల్లల మాట. నేనే ఎత్తాను. "బాబాయ్, పెద్దది మూడేళ్లు ఇంట్లో కూర్చున్నప్పుడు మనం ఇంతమందిమి ఇలా కూర్చోలేదే?" అన్నాను. బాబాయి నాకేసి చూసి, "దానికేం లోటమ్మా! అతను బాగానే చూసుకుంటున్నాడుగా" అన్నాడు. లోపలినుంచి కాఫీలు పట్టుకొచ్చిన పిన్ని, "కడుపులో చల్ల కదలకుండా ఉంది, ఇంకేం కావాలే?" అంది.

పెద్దది అంటే మా చెల్లి. ఎమ్‌సీఏ చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయి హెచ్4 వీసా మీద టెక్సాస్ వెళ్లింది. 'డిపెండెంట్' అన్నది ఆ వీసాకి అధికారిక నామధేయం. ఆధారపడినది. మనం ఆ మాటని ఇంట్లో నోటితో అనడానికి మొహమాట పడతాం, వాళ్లు ముద్రకొట్టి ఇస్తారు, అంతే తేడా. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్నవాళ్లకి జీతం తీసుకునే హక్కే లేదు. ఆ ఏడాది ఇచ్చిన అనుమతైనా భర్తకి గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు దాటితేనే. అంటే ఆమె పని చేయాలా వద్దా అన్నది ఆమె చదువు మీద కాదు, అతని యజమాని దయ మీద ఆధారపడుతుంది. 2015 నుంచి 2017 చివరిదాకా మొదటిసారి ఆ అనుమతి పొందినవాళ్లు దాదాపు 91 వేలమంది. అందులో 93 శాతం ఆడవాళ్లు. 93 శాతం మన దేశంలో పుట్టినవాళ్లు. ఆ కాస్త అనుమతి కూడా రద్దు చేయమని పదేళ్లు కోర్టుల్లో వ్యాజ్యం నడిచి, 2025 అక్టోబరులో వాళ్ల సుప్రీంకోర్టు విచారించనని పక్కన పెట్టాక గానీ తేలలేదు. హమ్మయ్య అనుకునేలోపు అదే నెల 30 నుంచి ఇంకో కొత్త నిబంధన. పునరుద్ధరణకి దరఖాస్తు పెట్టుకుంటే, కాగితం వచ్చేదాకా పాత అనుమతి మీద పని చేసుకునే వెసులుబాటు పోయింది. కాగితం ఆలస్యమైతే కుర్చీ ఖాళీ చేయాల్సిందే. మా చెల్లి డిసెంబరులో ఖాళీ చేసింది.

కాగితం విలువ మా ఊరి మామిడి రైతుకి వేరే చెప్పక్కర్లేదు. భారత మామిడికి అమెరికా గుమ్మం పద్దెనిమిదేళ్లు మూసుకుపోయి 2007లో తెరుచుకుంది. బదులుగా మనం హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లని రానిచ్చాం. షరతు ఏమిటంటే కాయకి రేడియేషన్ పట్టించాలి. ఆ మోతాదు వెనకున్న తర్కం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. లోపలి పురుగు అక్కడికక్కడే చావకపోయినా పరవాలేదట, ఇక సంతానాన్ని కనకుండా ఉంటే చాలట! 2025 మేలో పదిహేను షిప్‌మెంట్ల కాయలు, ఆ రేడియేషన్ కూడా పట్టించుకుని, పత్రాల్లో తప్పుందన్న కారణంగా అమెరికా విమానాశ్రయాల్లో చెత్తపాలయ్యాయి. కాయలో లోపం లేదు. ఆ వార్త చదివి బాబాయి అన్నం సహించక రెండు రోజులు బాధపడ్డాడు. కూతురి అనుమతి కాగితం ఆలస్యమైనప్పుడు, "పోనీలే, కొన్నాళ్లు విశ్రాంతి" అన్నాడు.

నాకు ట్రంప్ మీద కోపం లేక కాదు. కానీ ఆయన మీది కోపం మనకి భలే సుఖంగా ఉంటుంది. దూరపువాడు, తెల్లవాడు, మన కట్నం పళ్లెంలో చెయ్యి పెట్టనివాడు. ఆడపిల్ల బయోడేటాలో చదువు కాలమ్ నింపేది ఉద్యోగం కోసం కాదనీ, సంబంధం కోసమనీ అమెరికా మనకి నేర్పలేదు. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ పెడితే పల్లెటూరి ఆడపిల్లలు అందులో చేరి కంప్యూటర్ పాఠాలు చదివారు. అలా చదివిన పిల్లని, చేస్తున్న ఉద్యోగం మాన్పించి, ఫలానా వీసా మీదున్న ఫలానావాడికి జతచేసి పంపేది మనమే. పల్లవి బెనర్జీ ఈ డిపెండెంట్ వీసా మీద 2022లో రాసిన పుస్తకంలో నర్సుల భర్తల గురించి కూడా రాసింది. భార్య ఉద్యోగం మీద వెళ్లి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చిన ఆ మగవాళ్లు కుంగిపోయారు. ఆడది కూర్చుంటే ఎవరూ అయ్యో అనరు. ఆమె ముందే కూర్చుని ఉందనుకుంటారు.

ఇదంతా భూములున్న కులాల ఇళ్ల గొడవ, తోటలో కాయలేరి బుట్టలు మోసే ఆడవాళ్ల ముందు ఇదొక బాధా అని మనలోనే కొందరంటారు. నిజమే, వాళ్ల కూలీకీ మా చెల్లి టెక్సాస్ ఇంటికీ పోలిక తేవడం సిగ్గుచేటు. నేను తేను. అయితే ఆ తోటకీ ఆ వీసాకీ లంకె ఉంది. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన నేల అల్లుడి ఫీజుగా మారి, కొన్నవాడు చెట్లు కొట్టించి ప్లాట్లు వేస్తే, ముందు పని పోయేది ఆ బుట్టలు మోసే మనిషికే. మన రాతల్లో ఈ రెండో సంగతి మొదటిదాని పక్కన కూర్చోదు. ఒకటి ప్రపంచీకరణ మీద వ్యాసమవుతుంది, ఇంకొకటి పెళ్లిళ్ల మీద కథవుతుంది.

ఇక సాంకేతిక విజ్ఞానం సంగతి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బి, హెచ్4 దరఖాస్తుదారులంతా తమ సామాజిక మాధ్యమాల ఖాతాలు అందరికీ కనపడేలా తెరిచిపెట్టాలన్నారు. మా చెల్లి ఖాతాకి పెళ్లినాడు తాళం పడింది. "మన ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు నలుగురూ చూడటం బాగోదు" అన్నారు అత్తవారు. ఇప్పుడు అదే అత్తవారు వాట్సప్‌లో, "తెరువమ్మా, అబ్బాయి స్టాంపింగ్ కూడా ఉంది" అని రోజుకి రెండుసార్లు. మూయమన్నదీ తెరవమన్నదీ ఎవరెవరి బాగు కోసమో చూడండి! పెళ్లిచూపుల్లో జడ పొడవు చూసినవాళ్లకంటే ఈ చూపులు చూసేవాళ్లు మరీ లోతుగా చూస్తారు. లైకులు కూడా చదువుతారేమోనని బంధువుల భయం.

తెరిచేముందు మా చెల్లి పాత పోస్టులన్నీ జల్లెడ పట్టింది. ఒకరాత్రి ఫోన్ చేసింది. "అక్కా, నీ వ్యాసం ఒకటి 2019లో షేర్ చేశాను. కింద నాలుగు లైన్లు నేనూ రాశాను. ఉంచనా, తీసెయ్యనా?"

తెలుగు స్త్రీవాద సాహిత్యం మీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని. మాట్లాడే హక్కు గురించి ఎన్నో సదస్సుల్లో పత్రాలు చదివినదాన్ని. దాని వీసా పోతే ఎవరి మొహం చూడాలి, బాబాయి ఏమంటాడు, ఆ నాలుగు లైన్లలో అది ఏం రాసుంటుంది... ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. "తీసెయ్యి" అన్నాను. అది ఏమీ అనలేదు. కాసేపటికి, "సరే, తీసేశా" అని మెసేజ్ పెట్టింది.

ఆ వ్యాసం దేని మీదో చెప్పలేదు కదూ. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవడం మీద. ఆ నాలుగు లైన్లూ ఏమిటో నేను అప్పట్లో చదవలేదు. ఇప్పుడు అడగడానికి మొహం చెల్లడం లేదు.