విద్యుత్ కారు కొనేవారు ముందుగా చూడవలసింది ఇంటి మీటరు

విద్యుత్ కార్లపై వెలువడుతున్న వార్తలలో అధిక భాగం కారు ధర, పన్ను రాయితీలు, రహదారుల వెంట ఏర్పాటవుతున్న చార్జింగ్ కేంద్రాల చుట్టూనే తిరుగుతున్నాయి. అయితే సొంత అవసరాలకు కారు వాడే కుటుంబం నెలలో అత్యధిక దినాలు ఇంటి వద్దనే, రాత్రివేళ చార్జింగ్ చేసుకుంటుంది. కనుక ఆ కారు ఎంత లాభసాటి అన్నది ఇంటి సర్వీసు కనెక్షన్‌పై, ఆ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉన్నదన్న అంశంపై ఆధారపడి ఉంటుంది. ఉభయ తెలుగు రాష్ట్రాలలోని గృహ విద్యుత్ స్లాబుల విధానం ఈ అంశానికి మరింత ప్రాధాన్యాన్ని తెచ్చిపెట్టింది.

కొనుగోలు దశలో లభించే ప్రయోజనాలు ప్రధానంగా పన్నులకు సంబంధించినవి. విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి, చార్జర్లపై 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై పన్ను సైతం 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో రెండు రకాల కార్ల ధరల మధ్య అంతరం మళ్లీ కొంత పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబర్ 31 వరకు విద్యుత్ వాహనాల రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములకు పూర్తి మినహాయింపు ఉద్దేశించారు. మధ్యతరగతి కొనే కారు విషయంలో ఈ ఒక్క మినహాయింపు విలువే లక్ష రూపాయలు దాటుతుంది. ఆదాయపు పన్ను చట్టంలోని 80 ఈఈబీ సెక్షన్ కింద లభించిన వడ్డీ మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకు మాత్రమే పరిమితం. 2024 అక్టోబర్‌లో ప్రారంభమైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు. అందువల్ల కొనుగోలుదారుడు తాను అధికంగా చెల్లించిన మొత్తాన్ని తిరిగి రాబట్టుకోవలసింది ఇంధన ఖర్చులో ఆదా ద్వారానే.

ఆ ఆదా ఎంత? నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. సాధారణ పరిమాణం గల విద్యుత్ కారు ఒక యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, చార్జింగ్‌లో జరిగే నష్టాన్ని కూడా కలుపుకొని నెలకు దాదాపు 165 యూనిట్లు అవసరమవుతాయి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు అంతే దూరానికి 67 లీటర్లు కావాలి. లీటరు ధర 100 రూపాయలని తక్కువగా లెక్కించినా ఇది 6,700 రూపాయలు. విద్యుత్ వ్యయం దీనిలో నాలుగో వంతుకు మించదు. ఆదా ఉన్నదన్న విషయంలో సందేహానికి తావు లేదు. అయితే ఆ 165 యూనిట్లకు ధర ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఇంటింటికీ ఒక్కో సమాధానం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగంలో 76 నుంచి 125 యూనిట్ల వరకు యూనిట్ ధర రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. విద్యుత్ వాహనాల చార్జింగ్ కేటగిరీలో యూనిట్ ధర రూ.6.70. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటి మీటరుకే కారును కలిపితే, అదనపు 165 యూనిట్లలో 140 యూనిట్లు రూ.8.75 స్లాబులోకి వెళతాయి. కారు కారణంగా పెరిగే బిల్లు రూ.1,375. అదే 165 యూనిట్లకు ప్రత్యేక కనెక్షన్‌పై సుమారు రూ.1,105 అవుతుంది. ఏసీల వాడకంతో 350 యూనిట్లకు చేరిన ఇంటిలో ఈ వ్యత్యాసం మరింత పెరుగుతుంది. ఇంటి మీటరుపై దాదాపు రూ.1,559, ప్రత్యేక మీటరుపై అదే రూ.1,105. నెలకు 450 రూపాయలకు పైగా తేడా అన్నమాట. ఇంధన సర్దుబాటు చార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం.

అందరికీ ప్రత్యేక మీటరే మేలని దీని అర్థం కాదు. నెలకు 100 యూనిట్లతో సరిపెట్టుకునే చిన్న కుటుంబానికి ఇంటి మీటరుపై అయ్యే అదనపు ఖర్చు సుమారు రూ.1,063 మాత్రమే. కొత్త సర్వీసుకు డిపాజిట్, లైను చార్జీలు చెల్లించి వారు పొందే లాభం ఏమీ లేదు. గడచిన 12 నెలల బిల్లులు ముందు పెట్టుకొని లెక్క వేసుకుంటే తేలిపోయే విషయమిది. షోరూములలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

తెలంగాణలో పరిస్థితి కొంత భిన్నమైనది. 2022-23 టారిఫ్ ప్రకారం వినియోగం 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే ధర మారిపోతుంది. 180 యూనిట్లు వాడే ఇంటికి ఇంధన చార్జీ రూ.724. కారుతో కలిపి 345 యూనిట్లకు చేరితే అది రూ.2,195 అవుతుంది. అంటే కారుకు వాడిన ఒక్కో యూనిట్‌కు దాదాపు రూ.8.90 చొప్పున పడినట్లు. ఇదే గీత వద్ద గృహజ్యోతి లబ్ధిదారులు కూడా జాగ్రత్త వహించవలసి ఉన్నది. కారు కాకపోయినా, రోజూ చార్జ్ చేసే విద్యుత్ స్కూటరు నెలకు 30 యూనిట్లు తీసుకుంటే 200 యూనిట్ల పరిమితి దాటిపోయే ఇళ్లు అనేకం.

ఇంటి వద్ద చార్జింగ్‌కు చట్టపరమైన ఆటంకం ఏదీ లేదు. విద్యుత్ వాహనానికి చార్జింగ్ కల్పించడం సేవ మాత్రమేనని, విద్యుత్ విక్రయం కాదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఇంటిలోనూ, కార్యాలయంలోనూ ఇప్పటికే ఉన్న కనెక్షన్ నుంచి చార్జింగ్ చేసుకోవచ్చునని 2022 జనవరి మార్గదర్శకాలు పేర్కొన్నాయి. కోరిన వినియోగదారునికి వాహన చార్జింగ్ నిమిత్తం ప్రత్యేక కనెక్షన్ ఇచ్చేందుకు 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు వీలు కల్పించాయి. కొత్త కనెక్షన్ మంజూరు గడువును ఇవే నిబంధనలు మహానగరాలలో 3 రోజులకు, ఇతర పురపాలక ప్రాంతాలలో 7 రోజులకు, గ్రామీణ ప్రాంతాలలో 15 రోజులకు కుదించాయి.

చిక్కంతా అపార్ట్‌మెంట్లలోనే ఉన్నది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాలలో కారు కొనే స్థోమత గల కుటుంబాలలో గణనీయమైన భాగం నాలుగైదు అంతస్తుల భవనాలలోనే నివసిస్తున్నది. వారి కారు నిలిచేది సెల్లార్‌లోనో, స్టిల్ట్ పార్కింగ్‌లోనో. మీటర్ల ప్యానెల్ ఒక మూల, కేటాయించిన పార్కింగ్ స్థలం మరొక మూల ఉంటాయి. మధ్యలో వేయవలసిన కేబుల్ ఉమ్మడి స్థలం గుండా వెళ్లాలి కనుక సంఘం సమ్మతి అవసరమవుతుంది. ఒక్క కారు వరకు ఏ సంఘమూ పెద్దగా అభ్యంతరపెట్టదు. అగ్ని ప్రమాద భయం, ఉమ్మడి మీటరు నుంచి ఎవరైనా వాడుకుంటారేమోనన్న అనుమానం, రేపు మరో పది మంది అడిగితే ఏమిటన్న ప్రశ్న తలెత్తినప్పుడే వివాదాలు మొదలవుతాయి. ఈ మూడింటిలో చివరి ప్రశ్న సహేతుకమైనది. సాధారణ చార్జర్ 3.3 కిలోవాట్ల లోడు తీసుకుంటుంది. పది కార్లు ఏకకాలంలో చార్జింగ్‌కు పెడితే 33 కిలోవాట్లు. పదిహేనేళ్ల క్రితం ఫ్లాట్ల లైట్లు, ఫ్యాన్లు, కొన్ని ఏసీలను దృష్టిలో ఉంచుకొని వేసిన ప్రధాన కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ దీనిని తట్టుకోలేకపోవచ్చు. విడివిడిగా కేబుళ్లు లాగే బదులు సంఘమే ఉమ్మడిగా ఒక చార్జింగ్ సర్వీసు తీసుకొని, ఒక్కో స్థలానికి సబ్ మీటరు అమర్చుకోవడం ఇటువంటి భవనాలకు మెరుగైన మార్గం. కొత్త భవనాలలో పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగ్ వసతి ఉండాలని 2019 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నమూనా భవన నిబంధనలు సూచించాయి. పాత భవనాల భారం మాత్రం సంఘాలపైనే ఉన్నది.

స్వతంత్ర గృహాలలో సమస్య లోడుకు, వైరింగ్‌కు సంబంధించినది. 15 ఆంపియర్ల ప్లగ్ నుంచి చార్జ్ చేస్తే గంటకు సుమారు 3 యూనిట్లు వెళతాయి. 30 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి పది గంటలు పట్టినా, రోజుకు 33 కిలోమీటర్లు తిరిగే కారుకు రెండు గంటలు చాలు. గోడకు బిగించే 7 కిలోవాట్ల చార్జర్ అందరికీ అవసరం కాదు. గీజరుకు వేసిన పాత లైను నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి కారుకు తగిలించడం అన్నింటికంటే ప్రమాదకరం. గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు గంటల తరబడి అంతే కరెంటు లాగుతూనే ఉంటుంది. విడి లైను, దానికి తగిన ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే ఆర్సీసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. మంజూరైన లోడు 2 లేదా 3 కిలోవాట్లు మాత్రమే ఉన్న ఇంటివారు అదనపు లోడుకు ముందుగానే దరఖాస్తు చేసుకుంటే తరువాత తనిఖీలలో నోటీసులు అందుకునే పరిస్థితి ఉండదు.

పంపిణీ సంస్థల దృష్టి మాత్రం వేళలపై ఉన్నది. ఉద్యోగులు సాయంత్రం ఇంటికి చేరి కారును వెంటనే ప్లగ్‌కు తగిలిస్తే, గిరాకీ ఉచ్ఛస్థాయికి చేరే సమయంలోనే ఆ లోడు కూడా తోడవుతుంది. దాదాపు అన్ని కార్లలోనూ చార్జింగ్ ఆరంభ సమయాన్ని నిర్ణయించుకునే సదుపాయం ఉన్నందున దీనిని రాత్రి పదకొండు తరువాతకు జరపడం కష్టమైన పని కాదు. అయితే గృహ వినియోగదారునికి ఆ విధంగా చేయడానికి బిల్లులో ప్రోత్సాహం కావాలి. వేళను బట్టి ధర మారే విధానాన్ని వ్యవసాయేతర వినియోగదారులందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి వర్తింపజేయాలని కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలను సవరించినప్పటికీ, స్మార్ట్ మీటరు ఉన్నచోటనే అది సాధ్యం. పైగా ఆ నిబంధనలలో చౌక ధర సౌర విద్యుత్ లభించే పగటి వేళలకు ఉద్దేశించినది. ఇంటి కారు పగలు ఇంటి వద్ద ఉండదు. కార్యాలయాల పార్కింగ్‌లో చార్జింగ్ వసతి కల్పించినప్పుడే ఆ ప్రయోజనం ఉద్యోగులకు చేరుతుంది.

సొంత పార్కింగ్ లేనివారికి ఈ లెక్కలేవీ వర్తించవు. బహిరంగ చార్జింగ్ కేంద్రాలలో నిర్వాహకుని సేవా రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి యూనిట్ ధర ఇంటి ధరకు రెండు మూడు రెట్లు పలుకుతుంది. పెట్రోలుతో పోల్చితే మిగిలే ఆదా ఆ మేరకు తగ్గిపోతుంది. అద్దె ఇంటిలో ఉంటూ పార్కింగ్ స్థలం గల కుటుంబాలకు మాత్రం ఒక అవకాశం ఉన్నది. విద్యుత్ చట్టం-2003లోని 43వ సెక్షన్ ప్రకారం సరఫరా కోరే హక్కు యజమానితోపాటు ఆ స్థలంలో నివసించేవారికి కూడా ఉన్నది. అద్దె ఒప్పందం ఆధారంగా చార్జింగ్ కనెక్షన్ కోరి వచ్చే దరఖాస్తులను యజమాని పేరు లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపడం ఆ సెక్షన్‌కు అనుగుణం కాదని క్షేత్రస్థాయి సిబ్బంది గుర్తించవలసి ఉన్నది.